ఫోంటానా విలేజ్

ఫోంటానా విలేజ్ అమెరికా సంయుక్త రాష్ట్రాలలో, ఉత్తర కరోలినా రాష్ట్రపు పశ్చిమ కొసన గల గ్రాహం కౌంటీలో ఉన్న ఒక పర్వత విడిది. ఇది ఫోంటానా సరస్సుకు దక్షిణాన, గ్రేట్ స్మోకీ మౌంటెన్స్ జాతీయ వనానికి ఎదురుగా ఉన్నది. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో ఫోంటానా ఆనకట్ట కట్టిన కార్మికుల కోసం ఏర్పడిన ఈ ఊరు, యుద్ధం ముగిశాక వేసవి విడిదిగా మారింది. ఇక్కడి లాడ్జి, కొండ కుటీరాలు, పడవల రేవు పర్యాటకులకు ప్రధాన ఆకర్షణలు. "టెయిల్ ఆఫ్ ది డ్రాగన్", "చెరొహాలా స్కైవే" వంటి పేరుపొందిన కొండ రోడ్లు దగ్గరలోనే ఉండటం వలన మోటారు సైకిలు యాత్రికులకు ఇది ముఖ్యమైన మజిలీ అయింది. ఇదే సరస్సు ఆవలి ఒడ్డున, ప్రభుత్వం రాతపూర్వకంగా మాట ఇచ్చి కూడా పూర్తి చేయని మరొక రోడ్డు ఉన్నది. ఈ ప్రాంతపు చరిత్ర తెలియాలంటే ఈ రెండు రకాల రోడ్ల గురించీ తెలుసుకోవాలి.

పేరు

"ఫోంటానా" అనే మాటకు ఇటాలియన్ భాషలో నీటి ఊట అని అర్థం. ఈ పేరు ఇప్పటి విడిదికి ముందే ఉన్నది. కలప కంపెనీల కాలంలో నది ఉత్తరపు ఒడ్డున, ఈగిల్ క్రీక్ అనే ఏరు కలిసే చోట ఫోంటానా అనే చిన్న ఊరు ఉండేది. ఆ ఊరు సరస్సులో మునిగిపోయింది. దాని పేరు ఆనకట్టకు, సరస్సుకు, వెల్చ్ కోవ్ అనే లోయలో కట్టిన కొత్త ఊరికి వచ్చింది. 2011లో ఈ ప్రాంతం "ఫోంటానా డామ్" అనే పేరుతో పట్టణంగా నమోదైంది. అయితే ఇక్కడ శాశ్వతంగా నివసించేవారు చాలా తక్కువ.

భౌగోళికం

ఫోంటానా సరస్సు అపలాచియన్ పర్వతాల దక్షిణ భాగంలో, లిటిల్ టెనెసీ నదిపై ఏర్పడిన జలాశయం. పొడవు సుమారు 29 మైళ్ళు (47 కి.మీ.). నీరు ఎన్నో చిన్న లోయలలోకి చొచ్చుకుపోయినందున తీరరేఖ 200 మైళ్ళకు పైగా ఉంటుంది. సరస్సుకు ఉత్తరాన జాతీయ వనం, దక్షిణాన నాంటహాలా జాతీయ అటవీ ప్రాంతం ఉన్నాయి. అందువలన తీరంలో ఇళ్ళు, దుకాణాలు దాదాపుగా కనిపించవు. కొండలు నేరుగా నీటిలోకి దిగినట్లు ఉంటాయి.

ఈ కొండలకు "స్మోకీ", అంటే పొగతో నిండినవి, అనే పేరు రావడానికి కారణం వాటిని ఎల్లప్పుడూ ఆవరించి ఉండే నీలి రంగు మంచుతెర. చెట్ల ఆకుల నుండి వెలువడే ఆవిరులు, గాలిలోని తేమ కలిసి ఈ తెరను ఏర్పరుస్తాయి. ఈ ప్రాంతంలో వర్షపాతం ఎక్కువ. ఎత్తయిన శిఖరం కువోహి (6,643 అడుగులు, 2,025 మీటర్లు). దీనిని చాలాకాలం క్లింగ్‌మన్స్ డోమ్ అని పిలిచారు. 2024 సెప్టెంబరులో ప్రాచీన చెరోకీ పేరును తిరిగి అధికారికంగా ఖరారు చేశారు.

సరస్సు నీటిమట్టం ఏడాది పొడుగునా ఒకేలా ఉండదు. శీతాకాలపు, వసంతకాలపు వరదలను పట్టి ఉంచడానికి ఆకురాలు కాలం నుండి నీటిని క్రమంగా వదిలి జలాశయాన్ని ఖాళీ చేస్తారు. వసంతంలో తిరిగి నింపుతారు. వేసవి మట్టానికి, శీతాకాలపు మట్టానికి మధ్య 50 అడుగులకు పైగా తేడా ఉంటుంది. జూన్ నుండి సెప్టెంబరు మొదటి వారం వరకు సరస్సు నిండుగా ఉంటుంది. పర్యాటకుల రద్దీ కూడా ఆ నెలలలోనే ఎక్కువ.

చరిత్ర

చెరోకీల కాలం

లిటిల్ టెనెసీ నదీ లోయ చెరోకీ తెగవారి పూర్వ నివాస భూమి. 1838లో అమెరికా ప్రభుత్వం చెరోకీలలో అత్యధికులను బలవంతంగా పడమటికి, ఇప్పటి ఓక్లహోమా ప్రాంతానికి తరలించింది. "కన్నీటి బాట" అని పేరుపొందిన ఆ ప్రయాణంలో వేలమంది మరణించారు. కొండలలో దాగి మిగిలిపోయినవారు, అప్పటికే విడిగా నివసిస్తున్న మరికొందరు కలిసి తూర్పు చెరోకీ సమాజంగా నిలిచారు. వీరి భూభాగం సరస్సుకు తూర్పున, చెరోకీ పట్టణం చుట్టూ ఉన్నది. నాంటహాలా, చెయోవా వంటి స్థలనామాలు చెరోకీ భాష నుండి వచ్చినవే.

కలప, విద్యుత్తు

20వ శతాబ్దం ఆరంభంలో పెద్ద కలప కంపెనీలు ఈ కొండలకు రైలు పట్టాలు వేసి అడవులను నరికివేశాయి. హేజెల్ క్రీక్ ఏటి ఒడ్డున ప్రోక్టర్ అనే కలప పట్టణం వెలిసింది. 1904లో ఆ ఏటి దాపున నివాసం ఏర్పరచుకున్న రచయిత హోరెస్ కెఫార్ట్, కొండవాసుల జీవితంపై 1913లో ఒక ప్రసిద్ధ గ్రంథం ప్రచురించాడు. మిగిలిన అడవిని కాపాడటానికి జాతీయ వనం ఏర్పాటు చేయాలని కోరినవారిలో ఆయన ముఖ్యుడు. ఆ వనం 1934లో ఏర్పడింది. ఆయన 1931లోనే మరణించాడు.

టెనెసీ రాష్ట్రంలో తన అల్యూమినియం కర్మాగారానికి విద్యుత్తు కోసం ఆల్కోవా కంపెనీ ఈ నదీ పరీవాహకంలో వరుసగా ఆనకట్టలు కట్టించింది. వాటిలో చెయోవా (1919), శాంటీట్లా (1928), కాల్డర్‌వుడ్ (1930) ముఖ్యమైనవి. 1993లో విడుదలైన "ది ఫ్యుజిటివ్" చలనచిత్రంలో కథానాయకుడు ఆనకట్ట పైనుండి నీటిలోకి దూకే దృశ్యం చెయోవా ఆనకట్ట వద్ద చిత్రించినదే.

యుద్ధకాలపు ఆనకట్ట

1941 డిసెంబరులో పెర్ల్ హార్బర్‌పై జపాను దాడి జరిగి అమెరికా యుద్ధంలోకి దిగింది. విమానాలకు అల్యూమినియం, అల్యూమినియానికి విద్యుత్తు తక్షణం అవసరమయ్యాయి. 1933లో స్థాపించబడిన టెనెసీ వ్యాలీ అథారిటీ అనే ప్రభుత్వ సంస్థ 1942 జనవరిలో ఫోంటానా ఆనకట్ట పని ప్రారంభించింది. రాత్రింబవళ్ళు మూడు షిఫ్టులలో పని సాగింది. 1944 నవంబరులో జలాశయం నింపటం మొదలుపెట్టి, 1945 జనవరిలో విద్యుత్ ఉత్పత్తి ప్రారంభించారు. భారతదేశంలో 1948లో ఏర్పడిన దామోదర్ వ్యాలీ కార్పొరేషన్‌కు నమూనా ఈ టెనెసీ సంస్థయే.

ఫోంటానా ఆనకట్ట ఎత్తు 480 అడుగులు (146 మీటర్లు), పొడవు 2,365 అడుగులు (721 మీటర్లు). రాకీ పర్వతాలకు తూర్పున అమెరికాలో ఇంత ఎత్తయిన ఆనకట్ట మరొకటి లేదు. తెలుగు పాఠకులకు పరిచితమైన శ్రీశైలం ఆనకట్ట ఎత్తు కూడా దాదాపు ఇంతే (145 మీటర్లు).

కార్మికుల ఊరు నుండి విడిదికి

ఆనకట్ట స్థలం పట్టణాలకు దూరంగా ఉండటంతో వేలమంది కార్మికులకు, వారి కుటుంబాలకు అక్కడే ఊరు కట్టవలసి వచ్చింది. ఇళ్ళతో పాటు బడి, ఆసుపత్రి, భోజనశాల, సినిమా హాలు ఏర్పడ్డాయి. పని పూర్తయి కార్మికులు వెళ్ళిపోయాక ఖాళీ ఇళ్ళు మిగిలాయి. వాటిని కూల్చివేయకుండా విహార కేంద్రంగా నడపడానికి కౌలుకు ఇచ్చారు. కార్మికుల చిన్న చెక్క ఇళ్ళు యాత్రికుల కుటీరాలయ్యాయి. తరువాతి కాలంలో లాడ్జి, ఈత కొలనులు, పడవల రేవు తోడయ్యాయి. స్క్వేర్ డాన్స్ అనే సామూహిక నృత్య సమావేశాలకు కూడా ఈ విడిది పేరుపొందింది. 1870లలో కట్టిన ఒక దుంగల ఇల్లు విడిది ఆవరణలో భద్రంగా ఉన్నది. కొండవాసుల పాత జీవన విధానానికి ఇది మిగిలిన గుర్తు.

మునిగిన ఊళ్ళు

ఫోంటానా జలాశయం కోసం 1,311 కుటుంబాలు ఇళ్ళు విడిచి వెళ్ళాయి. వెయ్యికి పైగా సమాధులను వేరే చోటికి తరలించారు. 60 మైళ్ళకు మించి రోడ్లు పనికిరాకుండా పోయాయి. ఫోంటానా, బుష్‌నెల్, ఫోర్నీ, జడ్సన్ అనే ఊళ్ళు పూర్తిగా మునిగాయి. యుద్ధకాలం కావటంతో ఖాళీ చేయడానికి ఇచ్చిన గడువు తక్కువ. చాలా కుటుంబాలలో యువకులు సైన్యంలో ఉన్నారు. దేశ రక్షణకు అవసరమన్న కారణంతో పెద్దగా ప్రతిఘటన లేకుండానే జనం వెళ్ళిపోయారు.

శ్రీశైలం జలాశయంలో మునిగిన సంగమేశ్వరాలయం నీరు తగ్గినపుడు బయటపడినట్లే, ఇక్కడ కూడా శీతాకాలంలో నీరు తగ్గినపుడు పాత రోడ్ల ఆనవాళ్ళు, ఇళ్ళ పునాదులు బయటపడుతుంటాయి. వేసవిలో వచ్చే పర్యాటకులకు ఇవి కనిపించవు.

మోటారు సైకిలు దారులు

ఈ ప్రాంతపు రోడ్లు మోటారు సైకిలు యాత్రికులను ఆకర్షించడానికి ముఖ్యమైన కారణం భూమి యాజమాన్యం. జాతీయ వనం, జాతీయ అడవులు, విద్యుత్ సంస్థల భూములు రోడ్లకు ఇరువైపులా ఉండటంతో మైళ్ళ తరబడి ఊళ్ళు గాని, అడ్డరోడ్లు గాని లేవు. రెండవ కారణం నేల వాలు. కొండను తొలచి తిన్నని దారి వేయటం ఖర్చుతో కూడిన పని కనుక, పాత రోడ్లను కొండ అంచు వెంబడి, అది తిరిగిన చోటల్లా తిప్పుతూ వేశారు.

టెయిల్ ఆఫ్ ది డ్రాగన్

అమెరికా రహదారి 129లో, ఉత్తర కరోలినా - టెనెసీ సరిహద్దులోని డీల్స్ గ్యాప్ అనే కనుమ నుండి టెనెసీ వైపు సాగే 11 మైళ్ళ (17.7 కి.మీ.) భాగానికి ఈ పేరు వచ్చింది. "డ్రాగన్ తోక" అని దీని అర్థం. ఇందులో 318 మలుపులు ఉన్నట్లు లెక్క. అంటే సగటున 56 మీటర్లకు ఒక మలుపు. కొన్ని మలుపులకు యాత్రికులు "గ్రావిటీ క్యావిటీ", "బ్రేక్ ఆర్ బస్ట్ బెండ్" వంటి సరదా పేర్లు పెట్టారు. ఫోంటానా విలేజ్ నుండి డీల్స్ గ్యాప్ సుమారు 10 మైళ్ళు.

ఈ రోడ్డుపై వేగ పరిమితి గంటకు 30 మైళ్ళు (48 కి.మీ.). పొడవైన లారీలు మలుపులలో ఎదుటి వరుసలోకి రావటం వలన ప్రమాదాలు జరగటంతో, 2015 నుండి టెనెసీ భాగంలో 30 అడుగులకు మించిన లారీలను నిషేధించారు. డీల్స్ గ్యాప్ వద్ద "ట్రీ ఆఫ్ షేమ్" అనే చెట్టు ఉన్నది. దీనిని తెలుగులో "సిగ్గు చెట్టు" అనవచ్చు. ప్రమాదాలలో విరిగిన వాహన భాగాలను తెచ్చి దీనికి వేలాడదీస్తారు. మలుపుల వద్ద ఫోటోగ్రాఫర్లు కూర్చుని ప్రతి వాహనాన్నీ ఫోటో తీసి, తరువాత అంతర్జాలంలో అమ్మటం ఇక్కడి మరొక వాడుక.

చెరొహాలా స్కైవే

ఉత్తర కరోలినాలోని రాబిన్స్‌విల్‌ను టెనెసీలోని టెలికో ప్లెయిన్స్‌తో కలిపే సుమారు 43 మైళ్ళ పర్వత రహదారి ఇది. చెరోకీ, నాంటహాలా అనే రెండు జాతీయ అడవుల పేర్లు కలిపి "చెరొహాలా" అనే మాట కల్పించారు. 1958లో టెలికో ప్లెయిన్స్ వాసులు తమకు మంచి రోడ్డు లేదని లోకానికి తెలియజేయడానికి పాతకాలపు గూడుబళ్ళు కట్టి కొండల మీదుగా ఊరేగింపుగా వెళ్ళారు. రోడ్డు లేనిచోట బళ్ళే గతి అన్నది వారి చమత్కారం. అది పత్రికల దృష్టిని ఆకర్షించింది. పని 1960లలో మొదలై, సుమారు 10 కోట్ల డాలర్ల ఖర్చుతో పూర్తయి, 1996 అక్టోబరులో రోడ్డు ప్రారంభమైంది.

డ్రాగన్ రోడ్డు అడవి నీడలో ఇరుకుగా సాగితే, స్కైవే విశాలంగా, కొండ కొనల మీదుగా సాగుతుంది. దీని అత్యధిక ఎత్తు 5,400 అడుగుల (సుమారు 1,650 మీటర్లు) దరిదాపులలో ఉంటుంది. వాహనాలు ఆపి దృశ్యాలు చూడడానికి అనేక స్థలాలు ఏర్పాటు చేశారు. కొండపై పెట్రోలు బంకులు లేవు.

రాష్ట్ర రహదారి 28

డీల్స్ గ్యాప్ వద్ద మొదలై ఫోంటానా విలేజ్ మీదుగా ఫ్రాంక్లిన్, హైలాండ్స్ పట్టణాల వైపు సాగే ఈ రోడ్డును యాత్రికులు "మూన్‌షైనర్ 28" అంటారు. మూన్‌షైన్ అనగా కొండలలో దొంగచాటుగా కాచే సారా. మద్యనిషేధ కాలంలో ఆ సారాను రాత్రివేళ ఈ కొండ దారులలో తరలించేవారన్న ప్రసిద్ధి వలన ఈ పేరు వచ్చింది. విడిదిలో బస చేసేవారికి ఇదే ప్రధాన మార్గం.

ఇతర మార్గాలు

* ఫుట్‌హిల్స్ పార్క్‌వే: టెనెసీలో రహదారి 129 నుండి మొదలై వాలండ్ వరకు పోయే రోడ్డు. అక్కడి నుండి వేర్స్ వ్యాలీ వరకు 16 మైళ్ళ భాగం దశాబ్దాల జాప్యం తరువాత 2018 నవంబరులో ప్రారంభమైంది.
* రహదారి 441: చెరోకీ పట్టణం నుండి న్యూఫౌండ్ గ్యాప్ మీదుగా జాతీయ వనాన్ని దాటే రోడ్డు. 1940లో అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్వెల్ట్ జాతీయ వనాన్ని అంకితం చేసినది న్యూఫౌండ్ గ్యాప్ వద్దనే.
* బ్లూ రిడ్జ్ పార్క్‌వే: చెరోకీ వద్ద ముగిసే 469 మైళ్ళ దృశ్య రహదారి. 2024 సెప్టెంబరులో హెలీన్ తుఫాను వలన ఉత్తర కరోలినా భాగంలో తీవ్రంగా దెబ్బతిన్నది. ప్రయాణానికి ముందు ఏయే భాగాలు తెరిచి ఉన్నవో తెలుసుకోవాలి.

ఎక్కడికీ పోని రోడ్డు

సరస్సు నిండినపుడు ఉత్తర తీరం వెంబడి ఉన్న రాష్ట్ర రహదారి 288 మునిగిపోయింది. ఆ తీరంలో నీటికి పైన మిగిలిన సుమారు 44,000 ఎకరాలను జాతీయ వనంలో కలిపివేశారు. అక్కడి ఊళ్ళు మునగకపోయినా, దారి లేని కారణంగా ఖాళీ అయ్యాయి. ప్రోక్టర్ అటువంటి ఊరే. రెండు డజన్లకు పైగా శ్మశానాలు ఆ అడవిలో మిగిలిపోయాయి.

1943లో అమెరికా అంతరంగిక శాఖ, టెనెసీ వ్యాలీ అథారిటీ, ఉత్తర కరోలినా రాష్ట్రం, స్వైన్ కౌంటీ కలిసి ఒక ఒప్పందం చేసుకున్నాయి. యుద్ధం ముగిసి నిధులు లభించాక మునిగిన రోడ్డుకు బదులు కొత్త రోడ్డు వేయాలన్నది అందులోని ముఖ్యాంశం. మునిగిన రోడ్డు కోసం పూర్వం చేసిన అప్పును మాత్రం స్వైన్ కౌంటీ చాలా ఏళ్ళు తీరుస్తూనే వచ్చింది.

బ్రైసన్ సిటీ వైపు నుండి కొత్త రోడ్డు పని విడతలుగా జరిగింది. జాతీయ వనంలోకి సుమారు 6 మైళ్ళు పోయాక 1,200 అడుగుల సొరంగం తవ్వారు. అక్కడితో 1970ల ఆరంభంలో పని ఆగిపోయింది. తవ్వినపుడు బయటపడే రాయి గాలి, నీరు తగిలి ఆమ్లాన్ని విడుదల చేసి ఏళ్ళలోని చేపలకు హాని చేస్తుందన్నది ముఖ్య కారణం. పెరిగిన ఖర్చు మరొక కారణం. స్థానికులు ఈ రోడ్డుకు "ఎక్కడికీ పోని రోడ్డు" అని పేరు పెట్టారు.

తరువాత నాలుగు దశాబ్దాల పాటు వివాదం సాగింది. తమ పెద్దల సమాధుల వద్దకు దారి కావాలన్నది ఒక పక్షం వాదన. ఇచ్చిన మాట నిలబెట్టుకోవటం ప్రభుత్వ ధర్మమని వారు పట్టుబట్టారు. తూర్పు అమెరికాలో రోడ్డు పడని అడవి ఇంత విస్తీర్ణంలో మరెక్కడా సులభంగా దొరకదని, దానిని చీల్చరాదని, రోడ్డుకు బదులు కౌంటీకి డబ్బు చెల్లించాలని రెండవ పక్షం వాదించింది. స్వైన్ కౌంటీ వాసులు ఈ రెండు పక్షాలలోనూ ఉన్నారు. కౌంటీ భూమిలో ఐదింట నాలుగు వంతులకు పైగా కేంద్ర ప్రభుత్వం చేతిలో ఉన్నందున పన్ను రాబడి తక్కువ. అందువలన పరిహారం కౌంటీకి చిన్న విషయం కాదు.

2010 ఫిబ్రవరిలో రోడ్డుకు బదులుగా 5 కోట్ల 20 లక్షల డాలర్లు చెల్లించేందుకు ఒప్పందం కుదిరింది. చెల్లింపులు ఆలస్యమై, చివరి వాయిదా 2018లో అందింది. రోడ్డు మాత్రం సొరంగం వద్దనే ఆగిపోయింది.

1970ల చివరి నుండి వేసవి నెలలలో జాతీయ వన శాఖ ఆ కుటుంబాలవారిని పడవలలో సరస్సు దాటించి శ్మశానాల వద్దకు చేరుస్తున్నది. ఈ సందర్శనను "డెకొరేషన్ డే" అంటారు. సమాధులను శుభ్రం చేసి, పూలు పెట్టి, ప్రార్థనలు, పాటలు జరిపి, ఇంటి నుండి తెచ్చిన భోజనం అందరూ కలిసి చేస్తారు. విహార పడవలు తిరిగే నెలలలోనే ఈ పడవలు కూడా సరస్సు దాటుతాయి.

వేసవి పర్యాటకం

ఇక్కడ వేసవి అనగా జూన్, జూలై, ఆగస్టు నెలలు. అమెరికాలో బడులకు సెలవులు ఆ కాలంలోనే ఉంటాయి. లోయలలో పగలు వేడిగా ఉన్నా కొండలపై చల్లగా ఉంటుంది. మధ్యాహ్నం తరువాత ఉరుములతో వానలు సాధారణం. రోడోడెండ్రాన్ పొదలు జూన్, జూలై నెలలలో పూస్తాయి. అక్టోబరులో ఆకులు ఎరుపు, పసుపు రంగులకు మారినపుడు రెండవసారి యాత్రికుల రద్దీ ఉంటుంది.

చూడదగినవి, చేయదగినవి:

* ఫోంటానా ఆనకట్ట: అపలాచియన్ కాలిబాట ఆనకట్ట పైనుండే సాగుతుంది. జార్జియా నుండి మెయిన్ వరకు 2,190 మైళ్ళకు పైగా ఉన్న ఈ బాటలో నడిచేవారు ఇక్కడ ఆగి జాతీయ వనంలో అడుగుపెడతారు. దగ్గరలోని వారి వసతి గృహానికి, ఇతర చోట్ల కంటే సౌకర్యాలు మెరుగ్గా ఉండటంతో, సరదాగా "ఫోంటానా హిల్టన్" అని పేరు పెట్టారు.
* హేజెల్ క్రీక్: పడవల రేవు నుండి సరస్సు దాటి ఇక్కడికి చేరవచ్చు. ప్రోక్టర్‌లో మిగిలిన ఒక పాత ఇల్లు, కలప మిల్లు శిథిలాలు, శ్మశానాలు చూడవచ్చు. ట్రౌట్ చేపల వేటకు ఈ ఏరు ప్రసిద్ధి.
* జాయిస్ కిల్మర్ స్మారక వనం: మొదటి ప్రపంచ యుద్ధంలో 1918లో మరణించిన కవి జాయిస్ కిల్మర్ పేరిట 1936లో అంకితం చేశారు. కలప కంపెనీల గొడ్డలికి చిక్కని అరుదైన అడవి ఇది. నాలుగు వందల ఏళ్ళ వయసు గల పోప్లర్ వృక్షాలు ఉన్నాయి.
* త్సాలి విహార స్థలం: సరస్సు దక్షిణ తీరంలో సైకిళ్ళకు, గుర్రాలకు బాటలు గల స్థలం. 1838 నాటి చెరోకీ వీరుడు త్సాలి పేరు దీనికి పెట్టారు.
* నాంటహాలా నది: తెప్పలపై నదీ విహారానికి పేరుపొందినది.
* స్మోకీ మౌంటెన్స్ రైలు: బ్రైసన్ సిటీ నుండి నడిచే విహార రైలు. ఇది వంతెనపై సరస్సును దాటుతుంది.

గ్రాహం కౌంటీ జనాభా సుమారు 8 వేలు. రాబిన్స్‌విల్‌లోని పెద్ద ఫర్నిచర్ కర్మాగారం 2014లో మూతబడిన తరువాత, పర్యాటకంపై ఆధారపడక తప్పని పరిస్థితి ఏర్పడింది. ఈ రాబడి కొన్ని నెలలకే పరిమితం. కొండచరియలు విరిగిపడి రోడ్డు మూసివేసినా, సరస్సు సకాలంలో నిండకపోయినా చిన్న హోటళ్ళు, దుకాణాలు నష్టపోతాయి.

జాగ్రత్తలు

డ్రాగన్ రోడ్డుపై ప్రాణాంతక ప్రమాదాలు అరుదు కావు. రోడ్డు స్వభావం తెలియక, నైపుణ్యానికి మించిన వేగంతో పోవటం వీటికి ప్రధాన కారణం.

* రోడ్డు మధ్యనున్న పసుపు గీతను దాటరాదు. అమెరికాలో కుడివైపున నడపాలి. కనుక ఎడమ మలుపులో మోటారు సైకిలు ఒరిగినపుడు, చక్రాలు గీత లోపలే ఉన్నా నడిపేవారి తల ఎదుటి వరుసలోకి పోతుంది. ఎడమవైపు నడపడానికి అలవాటుపడిన భారతీయులు దీనిని ప్రత్యేకంగా గమనించాలి.
* వెనుక వేగంగా వచ్చేవారికి, పక్కన ఆగే స్థలాలలో తప్పుకుని దారి ఇవ్వాలి. వారితో పోటీపడరాదు.
* మలుపులలో గులకరాళ్ళు, తడి ఆకులు ఉండవచ్చు. జింకలు, ఎలుగుబంట్లు హఠాత్తుగా రోడ్డు మీదకు వస్తాయి.
* చాలాచోట్ల సెల్ ఫోను పనిచేయదు. పెద్ద ఆసుపత్రులు దూరం. ఒంటరిగా పోయేవారు తిరిగివచ్చే వేళను విడిదిలో చెప్పి పోవటం మంచిది.
* ఉత్తర కరోలినా, టెనెసీ రెండు రాష్ట్రాలలోనూ నడిపేవారికి, వెనుక కూర్చున్నవారికి హెల్మెట్ తప్పనిసరి.
* బయలుదేరే ముందే పెట్రోలు నింపుకోవాలి.
* జాతీయ వనంలో ప్రవేశ రుసుము లేదు. అయితే 2023 మార్చి నుండి 15 నిమిషాలకు మించి వాహనం నిలిపేవారు పార్కింగ్ రుసుము చెల్లించాలి.

చేరుకునే విధం

దగ్గరలోని పెద్ద విమానాశ్రయాలు టెనెసీలోని నాక్స్‌విల్, ఉత్తర కరోలినాలోని యాష్‌విల్. రైలు, బస్సు సౌకర్యం లేదు. సొంత వాహనంలో గాని, అద్దె వాహనంలో గాని రావాలి. తెలుగు కుటుంబాలు అధికంగా నివసించే అట్లాంటా, షార్లెట్ నగరాల నుండి కారులో కొన్ని గంటల ప్రయాణం. కొండ రోడ్లపై మైళ్ళు తక్కువగా కనిపించినా సమయం ఎక్కువ పడుతుంది. చీకటి పడక ముందే విడిది చేరేటట్లు బయలుదేరటం మేలు.

ఇవి కూడా చూడండి

* టెనెసీ వ్యాలీ అథారిటీ
* గ్రేట్ స్మోకీ మౌంటెన్స్ జాతీయ వనం
* అపలాచియన్ కాలిబాట
* చెరోకీ తెగ
* దామోదర్ వ్యాలీ కార్పొరేషన్
* శ్రీశైలం ఆనకట్ట
* సంగమేశ్వరం